వెనక వరస

ట్రాలీ పిడి మీద చేతులు వేసి మామూలుగా నిలబడమన్నాడు నల్లకోటు. మామూలుగా అంటే ఎలాగో ఆమెకు తోచలేదు. ఈ సూపర్‌మార్కెట్‌లో ఆమె నిలబడని చోటు లేదు గానీ, ఇన్నేళ్ళూ నిలబడింది అరలకు ముఖం పెట్టి, జనానికి వీపు పెట్టి. అరల్లో సరుకు సర్దే మనిషి ఆమె. ఇవాళ యూనిఫాం వద్దు, ఇంట్లో ఉన్న మంచి బట్టలు కట్టుకు రమ్మన్నారు. రాగానే షాపులో పనిచేసే ఆడవాళ్ళలో చాలామందికి తలా ఒక ట్రాలీ ఇచ్చి, మీరిప్పుడు సరుకులు కొనడానికి వచ్చిన గృహిణులు అన్నారు. కొనడానికి వచ్చినవాళ్ళు మామూలుగా ఎలా నిలబడతారబ్బా అని గుర్తు చేసుకోబోతే, ఈ మధ్య షాపుకు వచ్చిన ముఖాలే కళ్ళ ముందు తిరిగాయి. వాళ్ళలో ఒక్కరూ మామూలుగా లేరు. ఒకాయన నూనె అర ముందు నిలబడి లేని నూనెను పేరు పెట్టి తిట్టాడు. ఒకావిడ సబ్బు తీసి ధర చూసి, తరవాత వాసన చూసి, అంతవరకైనా దక్కిందన్నట్టు మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. అలా నిలబడితే నల్లకోటు ఒప్పుకోడు. అతను పెద్దాయన ఆఫీసు నుంచి వచ్చిన అధికారి, పేరు చెప్పలేదు, ఇంత ఉక్కలోనూ కోటు విప్పలేదు, అందుకని షాపువాళ్ళు ఆ పేరు పెట్టేసుకున్నారు. పళ్ళు కనపడాలమ్మా, మరీ ఇకిలించకూడదు, అని పొద్దున్నుంచీ అదే పాట. ఒకచోటి నుంచి ఒక్కటే తీయాలి, రెండోది ముట్టుకోకూడదు. అడిగితేనే మాట్లాడాలి. అడిగితే, అన్నీ దొరుకుతున్నాయండి అనాలి. దేశంలో సరుకే లేదని గిట్టనివాళ్ళు పుకార్లు పుట్టిస్తున్నారట, అందుకని దేశాన్ని ఏలే పెద్దాయన స్వయంగా షాపులో నడిచి చూపిస్తాడట, నడుస్తుండగానే టీవీలో దేశమంతా చూస్తుందట.

చెయ్యి చాపితే అందే దూరంలో పాలపొడి డబ్బాలు. నీలం మూతవి. ఆ నీలం రంగు చూసి ఎన్నాళ్ళయిందో, పొద్దున వ్యాన్‌లోంచి దించుతూ ఒక్కో డబ్బా తాకి చూసింది. ఇంట్లో కూతురి బిడ్డ, ఇంకా బోర్లా పడటం కూడా రాని చంటిది, ఈ డబ్బా పాలు తప్ప ఏవి పట్టినా కక్కేస్తుంది. ఆవుపాలు పడితే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఇంకో రకం పొడి పడితే విరేచనాలు పట్టుకుని ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు, పుల్ల లాంటి ఆ చేతికి నరం దొరక్క నర్సు కూడా కళ్ళు తుడుచుకుంది. కూతురికి కాన్పు కాగానే జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. నీలం మూతదే పట్టండి, ఇంకే ప్రయోగాలూ చెయ్యకండి, అని డాక్టరు గట్టిగా చెప్పి, ఎక్కడ దొరుకుతుందో మాత్రం నన్నడక్కండి అని మెల్లగా అన్నాడు. బయటి దేశం నుంచి రావాలి, రప్పించడానికి ఖజానాలో బయటి డబ్బు లేదు. లేదని ఎవరూ అనరు, ఓడ దారిలో ఉందంటారు. ఆ ఓడ ఏ దారిలో ఉందో గానీ పిల్ల పుట్టక ముందు నుంచీ దారిలోనే ఉంది. ఎవరి చుట్టాలో తెచ్చుకున్న సగం డబ్బా బతిమాలి పుచ్చుకుంటే అదీ అడుగంటింది. పొద్దున ఆమె జడ వేసుకుంటుంటే వంటింట్లో చెంచా రేకుకు తగిలి గీసుకున్న చప్పుడు, మళ్ళీ ఒకసారి, మళ్ళీ ఒకసారి, ఇంకా ఏమైనా రాలుతుందేమోనని కూతురు డబ్బా మూలలు గీకుతోంది. ఎల్లుండికి ఉండదమ్మా, అంది, తల ఎత్తకుండా. నీళ్ళ లాంటి ఆ పాలు తాగి పిల్ల ఏడవను కూడా ఏడవలేదు, అదే ఆమెకు భయం వేసింది. ఏడిస్తే ఓపిక ఉందని ధైర్యం.

బయట హారన్లు. అందరూ సర్దుకున్నారు, కాదు, వేరే బండ్లు. నల్లకోటు చెవిలో తీగ సర్దుకుని ఇంకా టైముందన్నట్టు చెయ్యి ఊపాడు. డబ్బాలు మాత్రం ఏ తొందరా లేకుండా భుజానికి భుజం ఆనించి అర ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలబడి ఉన్నాయి. చూసేవాళ్ళకు నిండు అర. సర్దింది ఆమే కనుక ఆమెకు తెలుసు, ఒక్క వరసే, వెనక వట్టి రేకు. షాపు భాషలో దీన్ని ఫేసింగ్ అంటారు. ఉన్న సరుకును అర అంచుకు లాగి, ముఖాలన్నీ జనం వైపు తిప్పి పెట్టడం. మంచి రోజుల్లో అదేం గొప్ప పని కాదు, ఎవరైనా ఒకటి తీయగానే వెనకున్నది ముందుకు లాగితే సరి. చెయ్యి దానంతటదే పోతుంది. ఇంట్లో ఎవరైనా గ్లాసు తీసుకున్నా వెనక గ్లాసు ముందుకు లాగుతుంది, ఇల్లు కూడా షాపే నీకు అని కూతురు ఏడిపిస్తుంది. తరవాత్తరవాత లాగడానికి వెనక ఏమీ లేకుండా పోయింది, విచిత్రం ఏమిటంటే, దేశంలో సరుకు తగ్గేకొద్దీ షాపులో ఆమె విలువ పెరిగింది. బిస్కెట్ల వెనక ఖాళీ అట్టపెట్టెలు పెట్టాలన్నది ఆమె ఆలోచనే. సబ్బులు నిలబెడితే తక్కువ కనిపిస్తాయి, పడుకోబెడితే అర నిండుతుందని కనిపెట్టిందీ ఆమే. నీ చేతిలో మంత్రం ఉందమ్మా అని మేనేజరు మెచ్చుకుని, జీతం పెంచకుండా, వేరే బ్రాంచీల పిల్లలకు నేర్పడానికి పంపించాడు. వాళ్ళకు మొదటిరోజే చెప్పేది: పక్కపక్కవి తీయొద్దమ్మా, ఒకటి ఇక్కడ తీస్తే రెండోది ఆ కొసన తీయాలి, ఒక పన్ను ఊడితే నవ్వొచ్చు, రెండు పక్కపక్కన ఊడితే ఇక నోరు మూసుకోవాల్సిందే. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆమెకూ నవ్వొచ్చేది అప్పట్లో. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకమ్మాయి వరసగా రోజూ వచ్చి, రాలేదా ఆంటీ, అని అడిగి అడిగి, ఒకరోజు ఖాళీ డబ్బా విసిరికొట్టి, మీరే దాచుకుని అమ్ముకుంటున్నారు అని అరిచి, వెంటనే ఆ డబ్బా తనే ఏరుకుని వెళ్ళిపోయాక నవ్వు రావడం మానేసింది. ఆ అమ్మాయి ఇప్పుడు టీవీ చూస్తుంటే? ఈ నీలం గోడ ముందు ట్రాలీ పట్టుకుని పళ్ళు బయటపెట్టి నిలబడిన తనను చూస్తే ఏమనుకుంటుంది? అనుకోవాల్సింది ముందే అనేసింది కదా. చెమట మెడ మీంచి వీపులోకి జారింది, తుడుచుకుంటే మామూలుగా ఉండదేమోనని వదిలేసింది.

ఇంట్లో ఆయన టీవీ ముందు కూర్చుని ఉంటాడు, శుభ్రంగా గడ్డం గీసుకుని, ఎదురుగా పెద్దాయనే వచ్చి కూర్చుంటున్నట్టు. ఆయన బస్సు డ్రైవరు, ఉద్యోగం ఇప్పటికీ ఉంది, బస్సే లేదు. టైర్లు రావు, అవీ ఓడలోనే ఉన్నాయి. డిపోకు వెళ్ళి, ఇటుకల మీద నిలబెట్టిన బస్సు అద్దం తుడిచి వస్తాడు. ఒకప్పుడు ఆ డిపోకే పెద్దాయన వచ్చాడు, అప్పుడింకా నల్లజుట్టు, కూతురు ఆమె కడుపులో ఉన్న ఏడు. స్టీరింగ్ పట్టి ఒక చుట్టు తిప్పి, దిగి, ఈయన చెయ్యి పట్టుకుని ఊపాడు, ఆ చెయ్యి ఆ రోజంతా కడుక్కోలేదు ఈయన. ఆ రోజు నుంచీ ఒకటే మాట. ధరలు రెట్టింపైతే, ఆయనకు తెలీదే, చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పరు. మందులు దొరక్కపోతే, ఆయనకు తెలీదే, తెలిస్తే ఊరుకుంటాడా. మొదట ఓపిక పట్టండన్నాడు పెద్దాయన, పట్టారు. తరవాత ఇదంతా కుట్ర అన్నాడు, నమ్మారు. ఆ తరవాత ప్రతి ఏడూ మలుపు తిరిగాం, మలుపు తిరిగాం అంటూనే ఉన్నాడు. ఇన్ని మలుపులు తిరిగితే బయల్దేరిన చోటికే వస్తాం కదండీ, అని ఆమె అంటే ఈయన డ్రైవరు బుద్ధి కొద్దీ ఫక్కున నవ్వి, నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చి, అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నిన్న రాత్రి మాత్రం అరవలేదు. పిల్లను భుజాన వేసుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ, రేపు ఆయన నీ దగ్గరికి వస్తే చెప్పవే, అన్నాడు. పిల్ల సంగతి చెప్పు. ఆయనకు ఒక్కసారి తెలిస్తే చాలు. ఆ గొంతు విని ఆమెకు ఒళ్ళు మండింది, జాలి కూడా వేసింది, రెండూ ఒక్కసారే, ఇన్నేళ్ళ కాపురంలో అదేమీ కొత్త కాదు. ఏమో, ఆయన చెప్పిందే నిజమేమో. ఇంత పెద్ద షాపులో ఉన్నది ఒక్క వరసేనని పెద్దాయనకు ఎవరు చెప్తారు? నల్లకోటు చెప్తాడా? మేనేజరు చెప్తాడా?

మేనేజరును పొద్దున్నే అడిగింది. డబ్బా ఊరికే ఇవ్వొద్దు సార్, డబ్బులిచ్చే కొనుక్కుంటా, ఒక్కటి, అంది. ఆయన అటూ ఇటూ చూసి రెండు చేతులూ జోడించినంత పని చేశాడు.

"నా కొంప ముంచకమ్మా. అది సరుకు కాదు, అలంకారం. సాయంత్రం వ్యాన్ వెనక్కి వెళ్ళిపోవాలి, లెక్క తగ్గితే ముందు నేను లోపలికి పోతాను."

వెనక్కి అంటే ఎక్కడికో వ్యాన్ డ్రైవరు చెప్పాడు, రేపు ఇంకో ఊరి షాపుకట. పెద్దాయన కంటే ఒక పూట ముందు ఈ డబ్బాలు దేశమంతా తిరుగుతున్నాయన్నమాట, మూత తీయకుండా, ఏ పిల్ల నోట్లోకీ పోకుండా. ఒకటి బట్టల్లో దాచుకుంటే? గుమ్మం దగ్గర ఆడ పోలీసులు ఒంటిని తడిమి పంపిస్తున్నారు. కొంటే? బిల్లు వేసే మిషన్లు ఆపేసి ఉన్నాయి. కౌంటర్‌లో చిల్లర కూర్చుని ఉంది, చిల్లర ఇవ్వండి చిల్లర ఇవ్వండి అని రోజంతా జనాన్ని వేధిస్తుందని ఆ పిల్లకు ఆ పేరు. మనసు మంచిది, పాప ఎలా ఉందక్కా అని రోజూ అడుగుతుంది. ఇవాళ దాని పని ఊరికే నవ్వుతూ కూర్చోవడం. అయినా పర్సులో జీతం డబ్బు మొత్తం పెట్టుకు వచ్చింది ఆమె, ఎందుకు తెచ్చిందో తనకే తెలియదు. చెప్పేస్తే? చంటిదండీ, ఆకలికి ఏడవడం కూడా మానేసిందండీ, అని టీవీలో అందరి ముందూ చెప్పేస్తే? ఉద్యోగం పోతుంది, ఆయనకు బస్సు లేదు, ఇంట్లో వచ్చే జీతం ఇదొక్కటే. నోరు మూసుకుంటే ఎల్లుండికి పొడి లేదు.

చప్పట్లు. మొదట గుమ్మం దగ్గర, తరవాత కూరగాయల దగ్గర, తరుముకొస్తున్నట్టు ఇటువైపు. కెమెరా వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చింది, దాని వెనక వెలుతురు, ఆ వెలుతుర్లో పెద్దాయన. టీవీలో కంటే పొట్టిగా ఉన్నాడు. ముఖానికి పౌడరు వేశారు, మెడ దగ్గర ఆగిపోయింది. ఆమె అనుకున్నదేదీ గుర్తు లేదు, పళ్ళు మాత్రం వాటంతటవే బయటికొచ్చాయి.

"ఏమ్మా, అన్నీ దొరుకుతున్నాయా?"

"దొరుకుతున్నాయండి."

"ఇంట్లో పిల్లలున్నారా?"

ఇది నేర్పిన దాంట్లో లేదు. నల్లకోటు కనుబొమలు పైకి పోయాయి. "మనవరాలండి. చంటిది," అంది ఆమె. ఆ పైన చెప్పకుండానే కళ్ళు డబ్బాల మీదికి వెళ్ళాయి. పెద్దాయన అది చూశాడు. జనం కళ్ళు ఎటు పోతాయో చూడటంలో ఆయన తరవాతే ఎవరైనా. గలగలా నవ్వి, అర మధ్యలోంచి ఒక డబ్బా తీసి, కెమెరాకేసి ఎత్తి పట్టుకున్నాడు. "లేదు లేదని గోల చేసేది దీని గురించే కదా! ఇదిగో, తీసుకోమ్మా, మనవరాలికి తాత ఇచ్చాడని చెప్పు," అంటూ ట్రాలీలో పెట్టాడు. చప్పట్లు మోగాయి. ఆమె నమస్కారం పెట్టాలి. పెట్టబోయింది కూడా. కానీ అర మధ్యలో ఖాళీ కనపడింది, ఖాళీ కనపడగానే కుడిచెయ్యి ఆమెను అడగలేదు, అలవాటు ప్రకారం ఆ సందులోకి పోయింది, వెనకున్నదాన్ని ముందుకు లాగడానికి, మోచేతి దాకా పోయి, వేళ్ళకు చల్లటి రేకు తగిలి, దుమ్ము తగిలి, ఆగింది. అప్పటికి గానీ ఏం చేస్తున్నదో ఆమెకు తెలియలేదు. ప్రాణం పోయినంత పనైంది. దేశమంతా చూస్తుండగా అరలో చెయ్యి పెట్టి నిలబడింది, తీయడానికి రాలేదు, కదలడం మరిచిపోయింది. నల్లకోటు ముఖంలో నెత్తురు చుక్క లేదు. చప్పట్లు సగంలో ఆగాయి.

"ఏమ్మా, ఇంకోటి కావాలా?" అన్నాడు పెద్దాయన, నవ్వుతూనే. ఆశపడ్డదనుకున్నాడు. వద్దండి అనాలి. ఒక్క మాట, వద్దండి, అంటే ట్రాలీలో ఉన్న డబ్బా దక్కుతుంది, ఉద్యోగం మిగులుతుంది, వారం గడుస్తుంది. వారం తరవాత మళ్ళీ చెంచా రేకుకు గీసుకుంటుంది.

"కావాలండి," అంది.

పెద్దాయన చెయ్యి చాపాడు. ఖాళీ పక్కనే డబ్బా ఉంది, చేతికి తగులుతూనే ఉంది. ఆ చెయ్యి దాన్ని దాటింది, దాని పక్కదాన్నీ దాటింది, ఆయన రెండడుగులు వేసి, అర చివరి కొసకు వెళ్ళి అక్కడి డబ్బా తీశాడు. ఆమె ఆ చేతినే చూసింది. ఎంతమంది పిల్లలకు నేర్పింది తను, మొదటి వారం ఒక్కరికీ పట్టుబడలేదు, ఆపకపోతే చెయ్యి పక్కదాని మీదికే పోతుంది. వెనక వరస ఉందనుకునే మనిషి పక్కదే తీస్తాడు. లేదని తెలిసినవాడు మాత్రమే కొసకు వెళ్తాడు. ఆయనకు తెలుసు. ఇవాళ్టి సంగతి ఒక్కటే కాదు, ఆ చెయ్యి తడుముకోలేదు, తడబడలేదు, ఏళ్ళ తరబడి చేసిన పనిలా నున్నగా పోయింది. ఇటుకల మీది బస్సు తెలుసు, ఓడ లేదని తెలుసు, డబ్బా విసిరికొట్టిన అమ్మాయీ తెలుసు, ఇంట్లో గడ్డం గీసుకుని కూర్చుని, తెలిస్తే ఊరుకుంటాడా అంటున్న ముసలాయనా తెలుసు. అందరికంటే ముందు తెలుసు. భయం పోలేదు ఆమెకు, కానీ దాని పైన కోపం లేచింది, ఇన్నేళ్ళలో ఏనాడూ అంత కోపం రాలేదు. రెండో డబ్బా ట్రాలీలో పడగానే ఆమె చెయ్యి మళ్ళీ ఆ సందులోకి వెళ్ళింది. ఈసారి అలవాటు కాదు.

"ఇంకోటండి. నెలకు నాలుగు పడతాయి."

నల్లకోటు అడుగు ముందుకు వేశాడు. కెమెరా ఇటు తిరిగింది, అతను వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. పెద్దాయన నవ్వు చెక్కుచెదరలేదు, కళ్ళు మాత్రం మొదటిసారి ఆమె వైపు సరిగా చూశాయి. ఈ కొస నుంచి మూడోది తీశాడు. ఆమె ఇంకా చెయ్యి చాపే ఉంచింది. నాలుగోదానికి కొసలు అయిపోయాయి. మధ్యలోంచి తీయక తప్పలేదు, తీయగానే సందు వెడల్పై, లోపలికి వెలుతురు పడి, వెనక రేకు కనపడింది, రేకు ముందు అరంతా దుమ్ము, దుమ్ములో ఒకప్పుడు డబ్బాలు నిలబడ్డ చోట గుండ్రటి తుప్పు మరకలు, వరస వెనక వరస. కెమెరా పట్టుకున్న కుర్రాడు అక్కడే ఆగిపోయాడు, ఎవరో మోచేత్తో పొడిచినా కదల్లేదు. పెద్దాయన చేతికి అంటిన దుమ్ము రుమాలుతో తుడుచుకున్నాడు.

"చాలా అమ్మా?"

"ఈ నెలకు చాలండి."

ట్రాలీ తిప్పింది. వదిలేసి పక్కకు రమ్మని నల్లకోటు కళ్ళతో చెప్తున్నాడు, ఆమెకు కనపడుతూనే ఉంది, కొనడానికి వచ్చిన మనిషికి ఆ సైగలు అర్థం కావు కదా. కౌంటర్ దాకా నడిచే దూరం ఏనాడూ అంత పొడుగ్గా లేదు. వెనక ఏం జరుగుతోందో చూడలేదు, చూస్తే కాళ్ళు ఆగిపోతాయి. కౌంటర్ మీద ఒక్కో డబ్బా ఎత్తి పెట్టి, పర్సు తెరిచింది. చిల్లర నవ్వడం మానేసి డబ్బాలను చూసింది, ఆమెను చూసింది, పరుగు లాంటి నడకతో వస్తున్న మేనేజరును చూసింది. వంగి బల్ల కింద స్విచ్ వేసింది. మిషను మూలుగుతూ లేచింది. ఒక డబ్బా తిప్పి చూపిస్తే కీచుమంది, షాపంతా వినపడింది.

"పాప ఎలా ఉందక్కా?" అంది చిల్లర, రెండోది అందుకుంటూ.

ఆమెకు ఏడుపొచ్చింది, తల వంచి నోట్లు లెక్కపెట్టసాగింది. నాలుగోది కీచుమనేలోగా ఏదో గట్టిగా మడమకు తగిలింది. తిరిగి చూస్తే ట్రాలీ. కూరగాయలు తూచే ఆవిడ, తనలాగే మంచి బట్టల్లో, ట్రాలీ నిండా నూనె డబ్బాలు, చక్కెర, చేతిలో నలిగిన నోట్లు. ఆవిడ వెనక నేల తుడిచే అమ్మాయి, ఆ అమ్మాయి వెనక ఇంకో ట్రాలీ, మలుపు దాటి ఎక్కడిదాకా ఉన్నాయో కనపడటం లేదు.

"కాస్త ముందుకు జరుగక్కా," అంది తూకాలావిడ. "వెనక చాలామందిమి ఉన్నాం."